అభ్యసన శైలి తెలిస్తే చదివే తీరు తెలిసినట్టేనా?

టెక్కలి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు:
చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకునేవారంటూ విద్యార్థులను వారి అభ్యసన శైలిని బట్టి వర్గీకరించే ప్రశ్నావళిని న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ రూపొందించారు. దాన్ని పదో తరగతి పిల్లల చేత పూరింపజేస్తే, ఇంటి వద్ద ఎవరు ఏ విధంగా చదువుతారో ముందే తెలుస్తుందనీ, అందుకు తగినట్టు బోధిస్తే మార్కులు పెరుగుతాయనీ నా వాదన. పటం గీస్తే తప్ప గుండె నిర్మాణం బుర్రకెక్కని పిల్లలూ, పైకి చదివితే తప్ప గుర్తుండని పిల్లలూ ప్రతి తరగతిలోనూ ఉంటారు కదా.

విజయనగరం, బి.ఇడి. అధ్యాపకురాలు:
మాస్టారూ, మీరు రెండు వాదాలను ఒక్కటిగా కలిపారు. శైలికి తగినట్టు బోధిస్తే మేలన్న వాదానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. శైలిని బట్టి చదివే పద్ధతి ఉంటుందన్నది వేరే వాదం, మన చర్చాంశమూ అదే. దీన్ని అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో హుస్మన్, ఓలాఖ్లిన్ నేరుగా పరీక్షించారు. శరీర నిర్మాణశాస్త్రం చదివే నాలుగు వందలకు పైగా విద్యార్థుల చేత మీరు చెప్పిన ప్రశ్నావళినే పూరింపజేసి, తరగతి బయట వారు నిజంగా ఎలా చదువుతున్నారో విడిగా అడిగారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది తమ శైలికి తగినట్టు చదవనేలేదు. చదివినవారికీ మార్కులు ఎక్కువ రాలేదు. మీ పాఠ్యాంశానికి ఇంత దగ్గరి అధ్యయనం మరొకటి దొరకడం కష్టమే.

బొబ్బిలి, గణిత ఉపాధ్యాయుడు:
ఒక ప్రశ్నావళి విఫలమైనంత మాత్రాన శైలి అనే భావనే చెల్లదనలేము. సంక్లిష్టమైన చిత్రంలో దాగిన ఆకారాన్ని వెతికించే పరీక్షతో మనస్తత్వవేత్త హెర్మన్ విట్కిన్ కొలిచిన శైలీ భేదం, అంటే ఒక వివరాన్ని చుట్టూ ఉన్నదాని నుంచి విడదీసి చూడడంలోని తేడా, వ్యక్తుల ఇష్టాయిష్టాలపై ఆధారపడినది కాదు. ఆ పరీక్షలో రాణించినవారు గణిత, విజ్ఞాన శాస్త్రాల వైపు మొగ్గినట్టు ఆయన బృందం చూపింది.

విజయనగరం, బి.ఇడి. అధ్యాపకురాలు:
నిజమే, అది గట్టి ఉదాహరణ. అయితే సరైన జవాబున్న ఆ పరీక్ష ఫలితాలు తెలివితేటల పరీక్షల ఫలితాలతో చాలావరకు కలిసి నడుస్తాయి కాబట్టి, అది కొలిచేది శైలినా, సామర్థ్యాన్నా అన్న సందేహం నేటికీ తీరలేదు. పైగా ఏ కోర్సు ఎంచుకుంటారన్నది వేరు, రాత్రి పుస్తకం ముందు ఏం చేస్తారన్నది వేరు.

శ్రీకాకుళం, డిగ్రీ విద్యార్థిని:
ఇంటర్‌లో మేము ఉన్న హాస్టల్లో స్టడీ అవర్స్‌లో పైకి చదవడానికి వీల్లేదు. వారాంతపు పరీక్షలో బిట్లుంటే బిట్లే చదివేవాళ్ళం, వ్యాసరూప ప్రశ్నలుంటే గైడు బట్టీ పట్టేవాళ్ళం. అందులో మా శైలికి చోటెక్కడుంది మేడమ్?

విజయనగరం, బి.ఇడి. అధ్యాపకురాలు:
సరిగ్గా అక్కడికే వస్తున్నానమ్మా. స్వీడన్‌లో ఫెరెన్స్ మార్టన్, రోజర్ సాల్యో 1976లో ప్రచురించిన పరిశోధనలు, పాఠాన్ని లోతుగా చదవడం, పైపైన చదవడం అనే భేదాన్ని గుర్తించి, అది చదివేవారు తమ నుంచి ఏం ఆశిస్తున్నారని భావిస్తారో దాన్ని బట్టి మారుతుందని చూపాయి. చిన్న చిన్న వివరాలే అడుగుతూ పోతే విద్యార్థులు పైపైనే చదివారు. సారాంశం అడిగినప్పుడు మాత్రం కొందరు లోతుకు వెళ్ళారు, మరికొందరు సారాంశం అప్పజెప్పడానికి సరిపడా చదివి ఊరుకున్నారు. ప్రశ్నపత్రం మార్చినంతనే అందరూ మారరన్న మాట. అయినా చదివే తీరును ఊహించడానికి శైలి ప్రశ్నావళి కంటే గత పరీక్ష ప్రశ్నపత్రమే నాకు ఎక్కువ పనికొస్తుంది.

టెక్కలి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు:
పబ్లిక్ పరీక్ష ప్రశ్నపత్రం నా చేతిలో లేదు మేడమ్, ప్రశ్నావళి ఉంది. దాన్ని మార్కుల కోసం కాకపోయినా, పిల్లలతో మాట కలపడానికైనా వాడతాను.

విజయనగరం, బి.ఇడి. అధ్యాపకురాలు:
తప్పకుండా వాడండి. అయితే ఆ వర్గాన్ని ప్రోగ్రెస్ కార్డు మీద మాత్రం రాయవద్దు. ‘నేను విని నేర్చుకునే రకం’ అని నమ్మిన పిల్లవాడు పటం గీయడమే మానేసే ప్రమాదం ఉంది.