కొసిజోలో ‘జో’ ఎక్కడిది?

తాటాకు:
చాలా ఏళ్ల కిందట చదివిన ఒక అనువాదంలో, మెక్సికోలోని ఒవాహాకా ప్రాంతపు ఆదివాసులైన జపోటెక్ రైతులు ‘కొసిజో’ అనే వరుణుడికి తొలిపంట నివేదించేవారన్న వాక్యం ఉండేది. మిగతాదంతా మరిచిపోయాను గాని, ఆ ‘జో’ మాత్రం నన్ను వదలడం లేదు. అది జో కావచ్చునా?

శాసనప్రియ:
కాదు, ‘యో’. స్పానిష్ క్రైస్తవ సన్యాసి కోర్దోవా కూర్చిన 1578 నాటి జపోటెక్ నిఘంటువులో ఈ మాట చివరి అక్షరంలో కనిపించే ‘జె’, ఆనాటి స్పానిష్ లేఖకులు ‘ఐ’ పక్కన తోక తగిలించి రాసిన మరో ‘ఐ’ మాత్రమేనని నా అభిప్రాయం. 1656లో ఒవాహాకాలోని సోలా ప్రాంతపు ఆచారాలను గ్రంథస్థం చేసిన చర్చి గురువు బల్సలోబ్రె ఏకంగా ‘లొసీయో’ అనే రాశాడు. తొలి మొక్కజొన్న పొత్తులు కోసేటప్పుడు నల్ల టర్కీకోడిని బలి ఇచ్చి, దాని నెత్తురును కోపల్ అనే చెట్టు బంక ధూపపు ముక్కలు పదమూడింటి మీద చిలకరించి కాల్చేవారనీ, తొలి మిరపకాయలు కోసినప్పుడు అదే తంతు లొసీయోకు జరిపేవారనీ ఆయన చెప్పాడు. కాబట్టి తాటాకు గారి తొలిపంట సబబే, అక్షరమే తప్పు.

మెరుపుతీగ:
తోక సిద్ధాంతం ముచ్చటగానే ఉంది. అయితే జపోటెక్ రాజులు కొసిహోఎసా, కొసిహోపీల పేర్లలో ఉన్నది ఈ మాటే, నేటి మెక్సికో వారు వాటిని హకారంతోనే పలుకుతారు. ఊరికి ‘ఒవాహాకా’ అని హకారం ఇచ్చినవారు దేవుడికి ఇవ్వకపోవడం ఏం న్యాయం?

శాసనప్రియ:
ఆ న్యాయం ప్రకారం దేశాన్ని ‘మెహికో’ అని రాయాలి. మీరు రాస్తారా? పైగా ఆ హకారం స్పానిష్ నోటిది, జపోటెక్ నోటిది కాదు.

పాతబడి:
మీరిద్దరూ అక్షరం దగ్గరే ఆగిపోయారు గాని, నాకు ‘వరుణుడు’ అన్నదే అసలు అభ్యంతరం. ఆ మాటకు అర్థం మెరుపు, పిడుగు. వానలు ముఖం చాటేస్తే వరుణయాగం తలపెట్టే అలవాటు కొద్దీ అనువాదకుడు ఆ పేరు తెచ్చి ఉంటాడు. పిడుగు చేతబట్టి మేఘాలను తోలేవాడు మనకు ఇంద్రుడు. గోవర్ధనోద్ధరణ ఘట్టంలో పోతన కురిపించిన వాన చదివినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా? ఆ పద్యాలు పైకి చదివితే ఇంటి పైకప్పు కూడా ఒకసారి చూసుకోవాలనిపిస్తుంది.

మెరుపుతీగ:
పోతన మీద నాకూ అంతే మక్కువ. అయినా ఇంద్రుడు ఒక్కడే కదా! 260 రోజుల జపోటెక్ పంచాంగాన్ని అరవై అయిదేసి రోజుల చొప్పున నాలుగు భాగాలు చేస్తే, ఆ నాలుగింటికీ కొసీహో అనే పేరేనని కోర్దోవా చెప్పాడు. చెవుల నుంచీ నాలుక నుంచీ తీసిన సొంత నెత్తురును వాటికి అర్పించేవారు. కాలఖండానికీ పిడుగుకీ ఒకే పేరున్న దేవతను ఇంద్రుడిలో ఎలా ఇముడుస్తారు? జపోటెక్‌ల ప్రాచీన నగరం మోంటే అల్బాన్ సమాధుల్లో దొరికిన మట్టి పాత్రల మీద ఆ దేవత ముఖానికి పాములా చీలిన నాలుక ఉంటుంది, మరి దాన్నేం చేస్తారు?

తాటాకు:
నాలుగు అనగానే గుర్తొస్తోంది, నేను చదివిన వాక్యంలో ‘కొసిజోలు’ అని బహువచనం ఉన్నట్టుంది. అదే నిజమైతే పక్కన ‘వరుణులు’ అని ఉండి తీరాలి, అలా ఉన్నట్టు మాత్రం ఎంత తలచుకున్నా జ్ఞాపకం రావడం లేదు.

శాసనప్రియ:
బహువచనమైనా ‘కొసీయోలు’ అనే ఉండాలి.