టెక్సస్‌లో జింక వేటకు .243 చాలునా, .308 కావాల్నా?

గుంతకల్లు పిల్లోడు:
అన్నలకు నమస్కారం. దసరాకు ఊరికొచ్చినా, నెలాఖరుకు మళ్లీ సాన్ ఆంటోనియో. అక్కడ మా ఆఫీసులో ఒకాయనకు కెర్‌విల్ దగ్గర రాంచ్, అంటే పశువులు మేపే పెద్ద పొలం ఉండాది. నవంబర్‌లో వైట్‌టెయిల్ జింకల వేట సీజన్ మొదలైతానే పిల్చకపోతా అన్నాడు. ఆయన దగ్గర .243 వించెస్టర్, .308 వించెస్టర్ రెండు రైఫిళ్లు (ఆ అంకె గుండు మందం, అంగుళాల్లో). ఏదో ఒకటి ఇస్తాడంట, తూటాలు మాత్రం నేనే కొనుక్కోవాల. అంగట్లో ఎఫ్‌ఎంజె (రాగి తొడుగు గుండ్లు) డబ్బాలు చౌక, అవే తీసుకుంటే పోదా? కాలేజీలో ఎన్‌సీసీ .22 తప్ప వేరేది పట్టుకోలేదు నేను. మా నాయనేమో ".308 మిలిటరీది, అదే గట్టిది" అంటాండు. దూరం 100 గజాలు దాటదంట. వీసా హెచ్1బీ.

కడప సుబేదార్:
నాయనా, ఆ ఎఫ్‌ఎంజె డబ్బా ఎత్తిన చోటే పెట్టెయ్. నేను సర్వీసంతా ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ మిలిటరీ రైఫిళ్లు కాల్చినోణ్ణి. మాకిచ్చే రౌండ్లన్నీ అవే, సీసం బయటికి కనపడకుండా రాగి తొడుగు. ఒంట్లోకి పోయి విచ్చుకునే గుండ్లు యుద్ధంలో వాడగూడదని 1899లో హేగ్‌లో రాసుకున్నారు. ఆ రచ్చకు కారణం మన కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో చేసిన మెత్తముక్కు .303 తూటా. వేటలో లెక్క తలకిందులు. విచ్చుకోని గుండు సన్న బొక్క పెట్టి అవతలికి పోతాది, జింక పరుగెత్తి యాడో కంపల్లో పడి గంటలకొద్దీ కొట్టుకోని చస్తాది. నీకు దొరకనూ దొరకదు. అమెరికాలో చానా రాష్ట్రాలు దాన్ని వేటకు వద్దన్నాయి. ఇంగ్లండ్‌లోనైతే జింకకు విచ్చుకునే గుండే వాడాలని చట్టం.

ఇంక రైఫిల్ సంగతి. మా కూతురు ఆస్టిన్‌లో ఉంటాది, చలికాలం పోయినప్పుడు అల్లునితో నీ కెర్‌విల్ ఉండే ఆ హిల్ కంట్రీ అంతా తిరిగినా. అక్కడి వైట్‌టెయిల్ అంత పెద్దదేం కాదు, మగది 50, 60 కిలోలు తూగితే ఘనం. .243లో 100 గ్రెయిన్ల గుండు, అంటే ఆరున్నర గ్రాములు, సెకనుకు 2960 అడుగులు పోతాది. 200 గజాల కాడ గూడా దాంట్లో 1300 ఫుట్‌పౌండ్ల (దెబ్బ బలం కొలత) శక్తి మిగుల్తాది. జింకకు 1000 ఉంటే చాలనేది పాత వేటగాళ్ల లెక్క. .308లో 150 గ్రెయిన్లకు అదే దూరంలో 1700. నిజమే, ఎక్కువే. కానీ భుజాన్ని తన్నడం గూడా ఒకటిన్నర రెట్లు పైమాటే. రంగరూట్లను చూసినా కదా, రెండో రౌండుకే ట్రిగ్గర్ మీద వేలు పడకముందే కండ్లు మూసుకుంటారు. మీ నాయన చెప్పింది తప్పు కాదు, .308కీ మా ఎస్‌ఎల్‌ఆర్ 7.62 మిల్లీమీటర్ల తూటాకీ కొలతల్లో పెద్ద తేడా లేదు. ఆ .308 తూటా ఇత్తడి గుల్లకే మెడ సన్నం చేసి 1955లో .243 తెచ్చినారు. నీ చేతికి అదే సరి.

ఒక్కటి జాగ్రత్త. .243లో 55, 58 గ్రెయిన్లవి గూడా అమ్ముతారు. అవి కయోటీలకు, అంటే అక్కడి గుంటనక్కల్లాంటివాటికి. జింక జబ్బ మీద తగిల్తే పైపైనే పగిలిపోతాయి. డబ్బా మీద 95 గానీ 100 గానీ ఉండాల, సాఫ్ట్ పాయింట్, అంటే విచ్చుకునే మెత్తముక్కు గుండు అని ఉండాల. రెండు కంపెనీలవి కొని 100 గజాల్లో కాల్చి చూడు, ఏవి దగ్గరదగ్గరగా పడతాయో ఆ రైఫిల్‌కు అవి. అడ్డంగా నిలబడినప్పుడే కాల్చు, ముందుకాలి వెనకాల, ఒంటి ఎత్తులో కింది మూడో భాగంలో. తల జోలికి పోవద్దు.

కొండారెడ్డి బురుజు:
వీసా మాట ఎవరూ ఎత్తలేదు. హెచ్1బీ వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు. అందుకే ముందు లైసెన్సు, తర్వాతే అంగడి. 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లకు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉంది, పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు.

ఆలూరు రైతు:
సార్, మా పప్పుశనగ మొలకెత్తితే చాలు, కృష్ణజింకలు మందలుగా దిగి సాలు సాలంతా మేసిపోతాయి. మేము కట్టె ఎత్తాలన్నా భయమే. ఆడ దుడ్లు కట్టి మరీ కొడతారా?

కడప సుబేదార్:
కొడతారప్పా. ఇంకో విచిత్రం విను. మన కృష్ణజింకను, చుక్కల దుప్పిని 1932లో టెక్సస్ రాంచీల్లో వదిలినారు, ఇప్పుడు ఆడ వేలల్లో ఉండాయి. ఈడ కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉండాది, ఒక్కదాన్ని కొట్టినా 3 నుంచి 7 ఏండ్ల జైలు. పంట కాపలా లైసెన్సు మీద .315 రైఫిల్ ఉన్నా దాని దిక్కు తిప్పొద్దు.
గుంతకల్లు నాయనా, నీకు దుప్పి ఎదురైనా మగది 80, 90 కిలోలుంటాది, దానికి మాత్రం .308లో 165 గ్రెయిన్లు అడుగు.

గుంతకల్లు పిల్లోడు:
.243నే అడుగుతా సార్. కోర్సు ఈ రాత్రే మొదలుపెడతా. చెవులకు ఏం పెట్టుకోవాల?

కడప సుబేదార్:
రేంజిలో చెవిలో పెట్టే ప్లగ్గులు, వాటి మీద చెవిని కప్పే మఫ్‌లు, రెండూ. వేటలో కనీసం ఒకటి. కుడిచేత్తో కాల్చేవాళ్లకు ఎడమ చెవే ముందు పోతాది, గొట్టం మూతికి దగ్గరుండేది అదే.