కొత్త ఎస్ఎంపీఎస్ వేశాక సిస్టమ్ ఆన్ అవట్లేదు, ఫ్యాన్ అరచుట్టు తిరిగి ఆగిపోతోంది

గట్టుమీద_ఇల్లు:
అందరికీ నమస్తే. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు నా పాత ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) టప్‌మని పోయింది, కాలిన వాసన కూడా వచ్చింది. అదే కంపెనీది 650 వాట్లది తెచ్చి నిన్న నేనే బిగించాను. పాతదీ మాడ్యులరే (వైర్లు ఎస్ఎంపీఎస్ వైపు కూడా ఊడొచ్చే రకం), ఇదీ మాడ్యులరే. బోర్డుకి 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ వైరు, గ్రాఫిక్స్ కార్డు వైరు మూడూ కొత్తవి వేశా, క్యాబినెట్ వెనకాల జిప్ టైలతో కట్టేసినవి మాత్రం కదపకుండా అలాగే ఉంచి ఎస్ఎంపీఎస్ వైపు కొన గుచ్చేశా. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్ అరచుట్టు తిరిగి ఆగిపోతుంది, లోపల ఎక్కడో టిక్‌మంటుంది. మళ్లీ నొక్కితే అదీ లేదు. వెనక స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేస్తే మళ్లీ అదే అరచుట్టు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టా, లాభం లేదు. విండోస్ బోర్డు మీదే గుచ్చే ఎం.2 ఎస్ఎస్‌డీలో ఉంది. 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో మా పాప పుట్టినప్పటి నుంచి ఫొటోలున్నాయి, అందుకే టెన్షన్.

బోర్డ్_బాబాయ్:
పాతది పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకెళ్లి ఉంటుంది బ్రో. నాకూ ఇలాగే అయ్యింది. కొత్త బోర్డు చూసుకో.

నిద్రలేని_రాత్రి:
అప్పుడే ఖర్చు పెట్టించకండి బాబాయ్. అన్నా, ముందు ప్రాసెసర్ దగ్గర పెట్టింది 4+4 వైరేనా, గ్రాఫిక్స్ కార్డుదైన 6+2నా చూడు. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, బలవంతంగా తోసేవాళ్లని చూశాను. అది సరిగ్గా ఉంటే ఎస్ఎంపీఎస్‌ని ఒంటరిగా పరీక్షించు: అన్ని వైర్లూ పీకేసి, 24 పిన్నుల కొనలో 16, 17 పిన్నుల్ని జెమ్ క్లిప్పుతో కలిపి, ఆ తర్వాతే వెనక స్విచ్ వెయ్యి. పాతవాటిలో 16వది ఆకుపచ్చ వైరు, ఇప్పుడన్నీ నల్లవే కాబట్టి బొమ్మ చూసి లెక్కపెట్టుకో. కొన్నింట్లో లోడు లేకపోతే ఫ్యాన్ తిరగదు, అప్పుడు 12 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడు.

గట్టుమీద_ఇల్లు:
4+4 సరిగ్గానే ఉంది. జెమ్ క్లిప్పు పెడితే ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగింది, 12.1 చూపించింది. అంటే బోర్డే పోయిందా?

సోల్డర్_మాస్టారు:
ఆగండి. ప్రాసెసర్ వైరు పెట్టకపోతే మామూలుగా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, తెర మీద బొమ్మ రాదు. అరచుట్టు తిరిగి ఆగి, వెనక స్విచ్ ఆపితే గానీ మళ్లీ కదలట్లేదంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. మీరు ఒక మాట అలా అనేసి వదిలేశారు: జిప్ టైలతో కట్టినవి కదపలేదన్నారు. అవి పాత ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన శాటా వైర్లే, అంటే హార్డ్‌డిస్క్‌కి కరెంటు ఇచ్చేవే కదా? వెంటనే పీకేయండి, మళ్లీ ఆన్ చేయొద్దు. హార్డ్‌డిస్క్ వైపు కొన ఎవరు చేసినా ఒకటే. ఎస్ఎంపీఎస్ వైపు కొనకి మాత్రం ఏ పిన్నులో ఏ వోల్టేజ్ అనే రూలు లేదు, ఒకే కంపెనీలో మోడల్‌కీ మోడల్‌కీ కూడా మారుతుంది. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, అదే కొంప ముంచుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే ఏమవుతుందో మీకే తెలుసు.

గట్టుమీద_ఇల్లు:
మాస్టారూ, ఆ వైరు పీకగానే సిస్టమ్ ఆన్ అయ్యింది, విండోస్ కూడా వచ్చేసింది! కొత్త డబ్బాలో వచ్చిన శాటా వైరుతో హార్డ్‌డిస్క్ పెడితే మళ్లీ అదే అరచుట్టు. ఫొటోలు పోయినట్టేనా? మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

సోల్డర్_మాస్టారు:
ఇప్పుడే చెప్పకండి. 3.5 అంగుళాల డిస్కుల్లో చాలావాటికి కింది సర్క్యూట్ మీద, పవర్ కనెక్టర్ పక్కనే రెండు టీవీఎస్ డయోడ్లుంటాయి, బండి కాదు లెండి, నల్లటి చిన్న ముక్కలు, ఒకటి 5 వోల్టులకి, ఇంకోటి 12కి. వోల్టేజ్ ఎక్కువైతే అవి షార్ట్ అయిపోయి మిగతా సర్క్యూట్‌ని కాపాడతాయి. కరెంటు లేకుండా, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఒక్కోదాని రెండు కొనలూ తాకండి, ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చినా కూస్తే అది షార్ట్. దాన్ని తీసేస్తే డిస్క్ లేచే అవకాశం బాగానే ఉంది. కానీ ఆ తర్వాత దానికి రక్షణ ఉండదు, లేచిన వెంటనే కాపీ చేసుకుని పక్కన పెట్టేయాలి. డిస్కు మూత మాత్రం ఎవరు చెప్పినా విప్పొద్దు.

గట్టుమీద_ఇల్లు:
ఒకటి రెండువైపులా కూసింది. మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో ఊడదీసి, డబ్బులేమీ వద్దన్నాడు. ఇప్పుడే పెట్టా, తిరుగుతోంది, ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి. బయటి డిస్కులోకి 380 జీబీ కాపీ అవుతోంది, 41 శాతం అయ్యింది, కరెంటు పోకుండా చూడమని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా. పాత వైర్లన్నీ కత్తెరతో ముక్కలు చేసి పారేశాను.

బోర్డ్_బాబాయ్:
మాస్టారూ, ఒక చిన్న డౌటు. నా పాత బోర్డు కూడా ఇలాగే పోయిందన్నా కదా… అప్పుడు నేనూ పాత వైర్లే వాడాను. ఆ బోర్డు ఇంకా అటక మీదే ఉంది. దించమంటారా?