టాక్సిక్ షాక్‌కి రక్తం వడకట్టే కాట్రిడ్జి: పెట్టించాలా, దండగా?

చెరువుగట్టు:
మా బావగారికి అమలాపురం దగ్గర రొయ్యల చెరువుందండి. ఏరియేటర్ రేకు తగిలి మడమ చీరుకుంది. పసుపు అద్దుకుని మళ్ళీ నీళ్ళలో దిగాడు. మూడో రోజుకి కాలు మోకాలిదాకా వాచిపోయి బీపీ పడిపోయింది. స్ట్రెప్ అనే క్రిమి వదిలే విషంతో వచ్చే టాక్సిక్ షాక్ అన్నారు. రక్తంలో విషం లాగే కాట్రిడ్జికి లక్ష పైనే అడిగితే, అక్క నాంతాడు తాకట్టెట్టి కట్టాం. బతికాడు. చిన్నాన్నేమో అది దండగంటాడు. మీరేమంటారు?

లంకవాసి:
బతికాడు కదండీ, ఇంకా లెక్కలెందుకు? డయాలసిస్‌లాగే రక్తాన్ని పూసల గొట్టంలోంచి పంపి తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. విషం పూసలకి అంటుకుపోద్ది.

ఐసీయూ సిస్టర్:
అన్నీ ఒకే పూసలు కావండి. పాలిమిక్సిన్ కాట్రిడ్జి పట్టేది ఎండోటాక్సిన్‌ని, అంటే కొన్ని రకాల క్రిముల పైపొరలో ఉండే విషాన్ని. స్ట్రెప్, స్టాఫ్ క్రిములకి అది ఉండనే ఉండదు. ఒంట్లో ఎండోటాక్సిన్ ఉన్న రోగుల మీద కూడా, 450 మందితో చేసిన పరీక్షలో చావులు తగ్గలేదని 2018లో తేలింది. సైటోకైన్లని, అంటే ఒంట్లో వాపు రేపే రసాయనాల్ని, లాగే పూసలు వేరు. టాక్సిక్ షాక్‌లో మన రక్షణ కణాలే రెచ్చిపోయి సైటోకైన్లు కుమ్మరిస్తాయి కాబట్టి ఆలోచన బానే ఉంది. కానీ సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) మీద 2021లో వచ్చిన మార్గదర్శకాలు వీటికి సరిపడా ఆధారాల్లేవన్నాయి. పైగా కొన్ని యాంటీబయాటిక్స్‌నీ లాగేస్తాయి, డోసు చూసుకోకపోతే అదో తంటా.

గట్టుకి గండి పడితే ముందు గండి పూడుస్తామా, చేలో నీళ్ళు తోడతామా? కుళ్ళిన కండ కోసెయ్యాలి. పెన్సిలిన్‌తో పాటు క్లిండామైసిన్ పడాలి. పెన్సిలిన్ క్రిమిని చంపుద్ది, క్లిండామైసిన్ విషం తయారీనే ఆపుద్ది. మీ బావగారికి కాల్లో కుళ్ళిన కండ ఎప్పుడు కోసేశారు?

లంకవాసి:
ఇంత అరుదైన జబ్బుకి పెద్ద పరీక్షలు ఎప్పటికి జరగాలి, సిస్టర్ గారూ? అప్పటిదాకా మనోళ్ళని వదిలేసుకోమంటారా?

ఐసీయూ సిస్టర్:
వదిలెయ్యమన్లేదు. అన్నీ చేశాక కూడా బీపీ నిలబడకపోతే, కిడ్నీలు ఆగిపోయి డయాలసిస్ మెషిను ఎలాగూ పెడుతుంటే, అడగండి. నాంతాడు మాత్రం మొదటి రోజే తియ్యొద్దు.

చెరువుగట్టు:
ఫైలు తీసి చూశానండి. చేరిన రాత్రే రెండింటికి ఆపరేషన్. క్లిండామైసిన్ అంతకు ముందే మొదలెట్టారు. కాట్రిడ్జి పెట్టింది మర్నాడు సాయంత్రం. అప్పటికే బీపీ నిలబెట్టే మందు సగానికి తగ్గించేసున్నారు. ఈ సంగతి చిన్నాన్నకి చెప్తాను. అక్కకెలా చెప్పాలో తెలీట్లేదు.