అప్‌డేట్: 40 శాతం చార్జింగ్ ఉండగానే ఆఫ్ అయిపోతున్న ప్రీపెయిడ్ ఫోన్

రెండేళ్లు వాడిన తక్కువ ధర ప్రీపెయిడ్ ఫోన్, చార్జింగ్ 40 శాతం చూపిస్తూనే కాల్ మధ్యలో ఆఫ్ అయిపోతోందని, ఆన్ చేస్తే ఒక్కోసారి ‘సిమ్ లేదు’ అంటోందని నెల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బ్యాటరీని అనుమానించమన్నవాళ్లే కరెక్ట్. రిపేర్ చేసే అతను వెనక మూత తీయగానే బ్యాటరీ ఉబ్బి కనిపించింది. బ్యాటరీ పాతబడితే లోపలి నిరోధం, అంటే కరెంటుకి లోపల తగిలే అడ్డు, పెరుగుతుందట. ఫోన్ ఊరికే ఉంటే ఏమీ కాదు. కాల్‌లో, అందులోనూ సిగ్నల్ సరిగా లేనిచోట, ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. శాతం అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు 40 దగ్గరే కూర్చుంటుంది! కాల్స్‌లోనే ఎందుకు ఆగుతోందని నేను జుట్టు పీక్కున్నది ఇందుకే.

సిమ్ గొడవ వేరే. అది పాత పెద్ద సిమ్‌ని కత్తిరించి పెట్టింది, అంచు సరిగా లేక కదులుతోంది. అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాను, సరిపోయింది.

రీచార్జ్ వాలిడిటీకీ, నెట్‌వర్క్ సెట్టింగులకీ దీనితో సంబంధమే లేదు. ఫ్యాక్టరీ రీసెట్ అయితే శుద్ధ దండగ. బ్యాకప్ తీసుకోకుండా చేసి కొన్ని ఫొటోలు పోగొట్టుకున్నాను, తప్పు నాదే.

బ్యాటరీ మార్చి మూడు వారాలైంది, ఒక్కసారీ ఆగలేదు. మీ ఫోన్ వెనక మూత కాస్త పైకి లేచినట్టుంటే మాత్రం చార్జింగ్ పెట్టడం ఆపి ముందు చూపించండి.