పాత పెన్ స్క్విడర్ రీల్‌తో ఒడ్డు నుంచి గాలం విసరడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. మా మామయ్య ఓడలో పనిచేసే రోజుల్లో కొన్న పెన్ కంపెనీ స్క్విడర్ 140 రీల్ (గాలం దారం చుట్టే సాధనం) నాకిచ్చారు. కొత్తపట్నం బీచ్‌లో దీంతోనే గాలం వేయాలని నా పట్టుదల. స్పిన్నింగ్ రీల్ అలవాటే గానీ దీని తీరే వేరు. అయస్కాంతం బ్రేకు లేదు, లైన్‌ను (గాలం దారాన్ని) సమంగా పేర్చే గైడూ లేదు. అంతా బొటనవేలి మీదే. లివర్ తిప్పి, స్పూల్‌ను (దారం చుట్టి ఉండే కండెను) వదిలి విసరగానే బాగానే వెళ్తుంది. కాసేపటికి సీసం గుండు గాల్లో నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం అదే జోరుగా తిరుగుతూనే ఉంటుంది. వదులైన లైన్ ఉబ్బి, వేలి కిందే చిక్కుపడిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురు కొడితే ఇంకా ఘోరం.

బొటనవేలు లైన్ మీద ఆనించాలా, స్పూల్ అంచు మీదా? గుండు నీళ్లను తాకడానికి ఎంత ముందు నొక్కాలి? బేరింగుల్లో కాస్త చిక్కటి నూనె వేస్తే స్పూల్ అదుపులో ఉంటుందట. మరి దూరం బాగా తగ్గిపోతుందా? నా రాడ్డు 11 అడుగులది, గుండు 100 గ్రాములు.

కొత్త రీల్ కొనమని మాత్రం దయచేసి చెప్పకండి. రామాయపట్నం, మైపాడు వైపు ఇలాంటివి వాడేవాళ్లుంటే చెప్పండి, ఓ ఆదివారం వచ్చి పక్కన నిలబడి చూసి నేర్చుకుంటాను.