అప్‌డేట్: అంబులెన్స్‌లో పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఎలా అని అడిగాను కదా

పోయిన నెల అడిగాను, ఉప్పల్ దాటాక బండిలోనే కాన్పు అయిపోయి, బిడ్డ ఏడవక, నాకు చేతులు ఆడలేదని, ఆసుపత్రి బయట పనిచేసే మాలాంటివాళ్లు ఇది ఎక్కడ నేర్చుకోవాలని. ఆ పాప బాగుంది, ముందు అది చెప్పాలి.

మీలో చాలామంది పసిబిడ్డలా ఉండే శిక్షణ బొమ్మ మీద చేతులతో చేసి చూడమన్నారు. అదే చేశాం. పిల్లల వార్డులో పనిచేసే ఒక నర్సమ్మగారు రెండు ఆదివారాలు వచ్చి, ఆపి ఉంచిన అంబులెన్స్‌లోనే నేర్పించారు.

పొడిగుడ్డతో తుడవాలి, తడిగుడ్డ తీసేయాలి, వీపు రుద్దాలి. అయినా ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోపే బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపేది), ముక్కూ నోటి మీద పెట్టే మాస్క్‌తో గాలి ఇవ్వాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. నేనేమో గట్టిగా నొక్కాలనుకున్నాను, కాదట, ఛాతీ కొద్దిగా లేస్తే చాలు. మాస్క్ అంచున తుస్సుమని గాలి పోతుంటే మాత్రం ఎంత నొక్కినా ఛాతీ కదలదు, గడ్డం దగ్గర నా వేలు జారుతోందని ఆవిడ పట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. మెడ కూడా మరీ వెనక్కి వంచకూడదు.

ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే బ్యాగ్, పసిబిడ్డల 0, 1 సైజు మాస్కులు, పొడిగుడ్డలు చూసుకుంటున్నాను, కాన్పు కేసైతే ఏసీ ఆపేస్తున్నాను. టెన్షన్ పోలేదు కానీ చేతులు వణకడం లేదు. వచ్చే నెల మళ్లీ బొమ్మతో కూర్చుంటున్నాం.